గుమ్మం ముందు బిందె

ఆఫీసులో నా వెనకాల నాకొక పేరుండేది: సి.ఐ.డి. మేడమ్. ఎదురుగా మాత్రం అందరూ "మేడమ్ గారూ" అనేవాళ్ళు. పేరు పెట్టినందుకు నాకేమీ కోపం లేదు. ఎవరు పెట్టారో కనిపెట్టలేకపోయానన్నదే బాధ.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ పేదలకి ప్రభుత్వ ఇళ్ళు కేటాయించే సెక్షన్లో కూర్చున్నవాళ్ళకి ఆ భూతంతోనే కాపురం. ఊళ్ళో మేడ ఉన్నవాడు చిరిగిన చొక్కా వేసుకుని వస్తాడు. మేం విచారణకి వెళ్ళే రోజున పక్కింటి పిల్లల్ని అరువు తెచ్చి కూర్చోబెట్టుకునేవాళ్ళుంటారు. అందుకే నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు గుమ్మం బయట చెప్పులు చూసేదాన్ని. మనుషులు అబద్ధం చెప్తారు గానీ చెప్పులు చెప్పవు. ఆరుగురం ఉంటున్నామన్న ఇంటి ముందు మూడు జతలే ఉంటే నా పెన్ను అక్కడే ఆగిపోయేది. ఈ కిటుకు నాకెవరూ నేర్పలేదు. గుణదల తిరునాళ్ళలో ప్రతి ఏడూ చెప్పులు పోగొట్టుకుంటూ పెరిగినదాన్ని, చెప్పుల మీద ధ్యాస దానంతటదే వచ్చింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి అని. అవార్డు వచ్చిన సంగతి చెప్తానని వాళ్ళ ఆశ. నాకు అవార్డులు రాలేదు. ఒక బిందె సంగతి మాత్రం ఉంది.

అప్పటిదాకా ఇళ్ళన్నీ లాటరీలో ఇచ్చేవాళ్ళం. చీటీ తీస్తే ఏ ఇల్లు వస్తే అదే. కాళ్ళు లేనివాడికి పై అంతస్తు తగిలేది, పడుచు జంటకి కింద ఇల్లు తగిలేది. కొన్నాళ్ళకి పై అంతస్తువాళ్ళు తాళం వేసి మళ్ళీ కాలవ గట్టుకే చేరుకునేవాళ్ళు. ఇల్లిచ్చినా ఉండరు, వీళ్ళ బుద్ధే అంత అని మేం అనుకునేవాళ్ళం. చివరికి మా పై అధికారి కొత్త పద్ధతి ఒకటి తెచ్చారు. చిన్న వయసు మనిషి, ముక్కుసూటి మనిషి, లాటరీ అంటే ఆయనకి అసహ్యం.

పద్ధతి సులువే. హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే రోడ్డు దిగి లోపలికి వెళితే మా కొత్త బ్లాకులు ఉండేవి. బోర్డు మీద 'ఇష్టాన్ని బట్టి ఇల్లు' అని, దాని కింద ఖాళీ ఉన్న ఇళ్ళ వివరాలు రాసి పెడతాం: ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, ఏ ముఖం. నామమాత్రపు అద్దె. ఒక రోజు తలుపులు తీసి ఉంచుతాం, జనం వచ్చి చూసుకుంటారు. నచ్చిన ఇంటిని అడుగుతూ ఆఫీసులో అప్లికేషన్ పెట్టుకుంటారు. ఒకే ఇంటిని నలుగురు అడిగితే వాళ్ళలో వరసలో ముందున్నవాళ్ళకి ఇస్తాం. జబ్బు మనిషి ఉన్నట్టు ఆసుపత్రి సర్టిఫికెట్టు ఉంటే వరస ముందుకు జరుగుతుంది, ఎన్నేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నారన్నదీ చూస్తాం. ఎవరూ అడగని ఇళ్ళుంటే, గడువు దాటాక మిగిలినవి మేమే పంచుతాం.

కాలవ గట్టు కుటుంబాలతో మొదలుపెట్టాం. ఎండాకాలం, కాలవలు కట్టేసిన రోజులు. మళ్ళీ డెల్టాకి నీళ్ళు వదిలే లోపల గట్టు ఖాళీ చెయ్యాలి. మా గడువు అదే.

మొదటి వారం ఒక్కరు కూడా అడగలేదు. నేను గట్టు మీదికి వెళ్ళి, ఎందుకు అడగలేదని నిలదీశాను. అక్కడ కుళాయి దగ్గర ఒక పెద్దామె ఉండేది. నోటి నిండా పొగాకు, నడుం మీద చెయ్యి. అక్కడ ఎవరు బిందె పట్టాలన్నా ఆమె కనుసైగ కావాలి.

"ఇన్నేళ్ళ నుంచి మమ్మల్ని లెమ్మంటే లేచాం, కూకోమంటే కూకున్నాం. ఇప్పుడేందమ్మా, ఏ ఇల్లు కావాలో మమ్మల్నే అడుగుతన్నారు? ఇందులో ఏదో మెలికుంది" అంది.

"మెలిక ఏమీ లేదు."

"లేకపోతే మీరెందుకు ఇంత ఎండన పడి వత్తారు?"

నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఇంత అనుమానం నేను మా ఆఫీసులో కూడా చూడలేదు. గంటసేపు వాదించుకున్నాక "సరే, చూద్దాం" అంది. చూద్దాం అన్న మాటలో ఏముందో అని నేను దారంతా ఆలోచించుకున్నాను.

రెండో విడత ఇళ్ళు చూసే రోజు వచ్చింది. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. గట్టు జనం అప్పటికే వచ్చి బ్లాకు ముందు నీడన కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్ళి చూస్తే తెరిచి ఉంచిన ప్రతి తలుపు ముందూ ఒక ఖాళీ బిందె. ప్లాస్టిక్ బిందెలు, ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కటి. కొన్నిటి మెడకి గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. ఇంకా ఆ బ్లాకుకి కుళాయి నీళ్ళు వదల్లేదు. నీళ్ళు లేనిచోట బిందెలెందుకు?

"ఇవి ఎవరివి?" అని అడిగాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఒక్కడన్నా ఉండాలి కదా, అదీ లేదు. అందరూ చెట్టుకొమ్మల వైపు చూశారు.

బ్రోకరు గుర్తులు అనుకున్నాను. ఫలానా ఇల్లు ఫలానావాళ్ళకి అని ఎవరో ముందే అమ్మేసుకున్నారు, చదువు రానివాళ్ళకి తెలియడానికి బిందెలు పెట్టించారు. కింద అంతస్తులో ఖాళీ ఉన్న ఇల్లు ఒక్కటే. దాని ముందు ఎర్ర పీలిక కట్టిన ఆకుపచ్చ బిందె ఉంది. ఆ బిందెని తీసుకెళ్ళి మెట్ల మలుపులో పెట్టి, పైకి వెళ్ళినట్టు వెళ్ళి, కాసేపాగి దిగాను. బిందె మళ్ళీ గుమ్మం ముందుకే వచ్చేసింది. ఇంకోసారి తీశాను. ఇంకోసారి వచ్చింది. ఎవరు పెట్టారో చూడలేకపోయాను గానీ ఆ పెద్దామె నన్ను చూసి పొగాకు ఉమ్మేసి వచ్చింది. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అనుమానం వచ్చినప్పుడు కదిపి చూడాలి.

ఆ వారం అప్లికేషన్లు బాగానే వచ్చాయి. మా కంప్యూటర్ ఆపరేటర్ మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, ఆలస్యానికి రోజూ కొత్త కారణం చెప్పేవాడు. ఆ రోజు కారణం చెప్పడం కూడా మరిచిపోయి నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఎన్ని ఇళ్ళున్నాయో అన్నే అప్లికేషన్లు. ఇంటికి ఒక్కటే. ఒక్కచోట కూడా పోటీ లేదు."

పోటీ లేకపోతే మా అధికారికి సంతోషం కలగాలి. ఆయన మొహం మాడిపోయింది. "కింద ఇల్లు ఎవరడిగారో చూశారా? వరసలో దాదాపు అట్టడుగున ఉన్న ఆవిడ. ఆవిడ ముందున్న అందరూ నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నారు? ఎవరో నొక్కి ఉంచారు. కుమ్మక్కని తేలితే ఈ విడత మొత్తం రద్దు చేసి మళ్ళీ లాటరీ తీసేస్తాను. విచారణ మీరే చెయ్యండి మేడమ్, మీకు చెప్పక్కర్లేదు" అన్నారు. చివరి మాటలో వెటకారం ఉందా లేదా అని నాకు అనుమానం వచ్చింది గానీ అది వేరే కథ.

గట్టు మీదికి వెళ్ళాను. ముందు ఆ కింద ఇల్లు అడిగినావిడ గుడిసె చూశాను. టిఫిన్ హోటల్లో గిన్నెలు తోమే మనిషి, చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. భర్త లారీకి బస్తాలు ఎక్కిస్తూ పడిపోయాడు, నడుం కింద చచ్చుబడిపోయింది. సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది, ఇంకా చేతికి రాలేదు. అందుకే వరసలో అంత వెనక ఉంది.

"పై అంతస్తు వస్తే ఏం చేస్తావ్?" అన్నాను.

"ఏం చేత్తానండీ. ఆయన్ని ఇంట్లో పెట్టి తాళమేసి పోవాలి. బయటి గాలి చూడాలంటే ఎవురో ఒకరు మొయ్యాలి. రోజూ ఎవురు మోత్తారు?"

మాటలు అందరూ చెప్తారు. నేను వంగి మంచం కింద అతని చెప్పులు చూశాను. కుడి చెప్పు బొటనవేలి పట్టీలో సాలీడు గూడు కట్టుకుంది. అంతకుమించి అడగాల్సింది ఏమీ లేకపోయింది.

అయినా కుమ్మక్కు సంగతి తేలాలి. వరసలో అందరికంటే ముందున్న మనిషి దగ్గరికి వెళ్ళాను. ఆటోనగర్లో లారీ బాడీలకి రంగులు వేస్తాడు, ఎప్పుడో మొట్టమొదట పేరు రాయించుకున్నవాడు. అతను అడిగితే కింద ఇల్లు కళ్ళు మూసుకుని అతనిదే. అడిగింది మాత్రం మూడో అంతస్తు. గుమ్మం బయట రెండు జతల చెప్పులు, ఒకటి అతనిది, ఒకటి భార్యది. మా కాగితాల్లోనూ ఇద్దరే. లోపల ఎవరో దగ్గుతున్నారు.

"కింద ఇల్లు ఎందుకు అడగలేదు?"

"కింద ఇల్లు మాకొద్దండీ. వానొస్తే నీళ్ళొస్తయ్."

పక్క గుడిసెలో అడిగాను. వానొస్తే నీళ్ళొస్తయ్. దాని పక్కన కూడా అదే. జీవితమంతా కాలవలో కాళ్ళు పెట్టుకుని బతికినవాళ్ళు వాన నీళ్ళకి భయపడుతున్నారంటే నేను నమ్మాలా? అందరి నోటా ఒకే మాట వస్తోందంటే నేర్పినవాళ్ళు ఒకళ్ళుండాలి.

సాయంత్రం కుళాయి వదిలే వేళకి అక్కడే నిలబడ్డాను. మనుషులు లేరు, బిందెలున్నాయి. వరసగా, గుడ్డ పీలికలతో, ఎవరి బిందె ఎక్కడ పెట్టారో అక్కడే. నీళ్ళు రాగానే ఆడవాళ్ళు వచ్చి తమ బిందెల పక్కన నిలబడ్డారు. పెద్దామె వరస వెంట నడిచి, బాగా వెనకున్న ఒక బిందెని తీసుకొచ్చి అన్నిటికంటే ముందు పెట్టింది. ఎవరూ కిక్కురుమనలేదు. ఎందుకని పక్కనున్న పిల్లని అడిగితే "వాళ్ళింట్లో బాలింత ఉందిగా" అంది.

మర్నాడు ఇదంతా ఆపరేటరుకి చెప్పాను. "మా బస్సులో సీటుకి కర్చీఫ్ వేసినట్టే కదా మేడమ్" అన్నాడు. కాదు, కర్చీఫు ఎవరికి వాళ్ళు వేసుకుంటారు. ఇక్కడ నలుగురూ కలిసి ఒకళ్ళ కోసం వేస్తున్నారు. ఇళ్ళు కూడా అలాగే పంచుకున్నారని అర్థమైంది. మేం బోర్డు పెట్టిన సాయంత్రం కుళాయి దగ్గర కూర్చుని, ఎవరికి ఏ గుమ్మం అవసరమో మాట్లాడుకుని బిందెలు పెట్టేశారు. బిందె ఉన్నచోట ఇంకొకరు బిందె పెట్టరు. అది వాళ్ళ కట్టుబాటు.

మీరైతే ఇక్కడ పొంగిపోయి రిపోర్టు రాసేసేవాళ్ళు. నాకు అప్పుడే అసలు అనుమానం మొదలైంది. ఇంతమందిని కనుసైగతో ఆడించే పెద్దామె ఊరికే ఎందుకు చేస్తుంది? ఆమె తన బిందె ఎక్కడ పెట్టుకుందో వెళ్ళి చూశాను. అన్నిటికంటే పై అంతస్తు, చివరి ఇల్లు. ఎండంతా నెత్తి మీదే. అందరూ వద్దనుకునే ఇల్లు. మరీ అంత మంచితనం నాకు మింగుడుపడదు. మళ్ళీ గట్టుకి వెళ్ళి ఆమెనే అడిగాను.

"అందరికీ మంచివి పెట్టి నువ్వు ఆ కొంపలో ఎందుకు చేరుతున్నావ్?"

ఆమె పొగాకు ఉమ్మేసి, చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. "ఎవురికీ చెప్పమాక. ఆ ఇంటి పక్కనే మోటారు స్విచ్చి ఉందమ్మా. ట్యాంకు నిండాలన్నా, నీళ్ళు కిందికి వదలాలన్నా ఆడ ఉన్నోళ్ళ చేతిలోనే. గట్టు మీద కుళాయి నాది. అక్కడికి పోయాక ఊరికే కూకోమంటావా?"

నాకు నవ్వాగలేదు. స్వార్థం దొరికింది, నా మనసు కుదుటపడింది. ఇంతకాలం ఈ ఉద్యోగం చేసి నేను నేర్చుకున్నది ఇదే: ఎదుటివాళ్ళకి ఇందులో ఏం కావాలో కనపడితేనే నాకు వాళ్ళ మీద నమ్మకం కలుగుతుంది. ఆమెకి పెత్తనం కావాలి. ఆ పెత్తనం కోసం మెట్లన్నీ ఎక్కడానికి సిద్ధపడింది. బ్రోకర్లు మెట్లెక్కరు.

ఎంపిక రోజు గట్టు జనమంతా మా ఆఫీసు హాల్లో నేల మీద కూర్చున్నారు. కుర్చీలు వేశాం గానీ వాటిలో ఏ మెలిక ఉందోనని ఎవరూ కూర్చోలేదు. గిన్నెలు తోమే ఆవిడ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. విడత రద్దయితే లాటరీ, లాటరీ అంటే ఎన్నో అంతస్తో ఎవరికి తెలుసు. కాలవకి నీళ్ళు వదిలే రోజు దగ్గరపడింది, ఆ తర్వాత గట్టు మీద గుడిసె కూడా ఉండదు. ఇదంతా ఆవిడ మొహంలో కనిపిస్తోంది.

మా అధికారి నన్ను రిపోర్టు చదవమనలేదు. నేరుగా రంగుల పనివాణ్ణి ముందుకి పిలిచారు.

"వరసలో మీరే మొదటివారు. కింద ఇల్లు కావాలంటే ఇప్పుడే మీకు రాసిస్తాను. మిమ్మల్ని ఎవరైనా బెదిరించి ఉంటే నేను చూసుకుంటాను. చెప్పండి, కావాలా?"

అతను గోళ్ళలో ఇరుక్కున్న నీలం రంగుని గీక్కుంటూ నిలబడ్డాడు. వెనకనున్న ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అతనికి ఆశ పుడుతోంది, ఇప్పుడు కట్టుబాటు తెగుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే తెగుతుందేమోనని భయపడ్డాను కూడా.

"నా బిందె అక్కడ లేదండీ" అన్నాడు.

అధికారి నా వైపు తిరిగారు. "బిందె ఏమిటి?"

కుళాయి దగ్గర చూసిందంతా చెప్పాను. ఆయన విని "మరి దీన్ని కుమ్మక్కు కాక ఏమంటారు?" అన్నారు.

"కుమ్మక్కయితే ఎవరో ఒకరు బాగుపడాలండీ. నేను శాయశక్తులా వెతికాను. పెద్దామెకి మోటారు స్విచ్చి తప్ప ఎవరికీ ఏమీ మిగల్లేదు."

"చెప్పొద్దన్నానా!" అని పెద్దామె నేల మీంచి అరిచింది. "స్విచ్చి ఎవురో ఒకరు చూడాలి గదయ్యా! వదిలేత్తే ట్యాంకు పొంగి పొర్లుద్ది!"

హాలంతా ఒక్కసారి నవ్వింది. అధికారి నవ్వు ఆపుకోవడానికి ఫైలు తెరిచారు. నేను ఆ సందు చూసి, "ఇష్టాన్ని బట్టి ఇల్లు అని బోర్డు రాసింది మనమేనండీ. వద్దనుకోవడం కూడా ఇష్టమే కదా" అన్నాను. ఆయన ఫైల్లోంచి తల ఎత్తకుండానే కింద ఇంటి ఎదురుగా సంతకం పెట్టారు. వెనకనున్న ఆవిడ గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చుండిపోయింది.

తాళాలిచ్చే రోజు నేను బ్లాకు దగ్గరే ఉన్నాను. వచ్చేవాళ్ళు లిస్టులో పేరున్నవాళ్ళా కాదా అని చూసుకోవాలి కదా. గట్టు సామానంతా ట్రాలీ ఆటోల్లో వచ్చింది. ముందు గిన్నెలు తోమే ఆవిడ భర్తని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. వాళ్ళలో రంగుల పనివాడు ఒకడు. ఆవిడ ఆకుపచ్చ బిందె తీసి చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళింది. అతన్ని గుమ్మం పక్కన, రోడ్డు కనిపించేచోట కూర్చోబెట్టారు. వచ్చే పోయే ఆటోలన్నిటినీ అతను కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు.

తర్వాత రంగుల పనివాడు తన ట్రాలీ దగ్గరికి వెళ్ళాడు. పరుపు చుట్ట పక్కన ముడుచుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ముందు వంగి, చేతులు మెడ చుట్టూ వేయించుకుని, వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఆమె కాళ్ళు రెండూ ఎండిన పుల్లల్లా వేలాడుతున్నాయి. పాదాలకి చెప్పులు లేవు. నడిచిన పాదాలు కావవి.

నేను మెట్లకి అడ్డం వెళ్ళి నిలబడ్డాను. "ఎవరీవిడ?"

"మా అమ్మండీ. అవనిగడ్డలో మా అక్క దగ్గరుండేది. అక్క పోయింది, తెచ్చుకున్నా."

గట్టు మీద విన్న దగ్గు గుర్తొచ్చింది. గుమ్మం ముందు రెండు జతలే చూసి లెక్క సరిపోయిందనుకున్నాను. చెప్పులు చూసి మనుషుల్ని పట్టుకునే నాకు, చెప్పులే అక్కర్లేని మనిషి దొరకలేదు. గట్టు మీద అందరినీ ఏదో ఒకందుకు అనుమానించాను. అతనికీ కింద ఇల్లు అవసరమేమో అన్న అనుమానం మాత్రం ఒక్కసారీ రాలేదు.

"మరి హాల్లో ఎందుకు చెప్పలేదయ్యా? ఆయన అంతలా అడిగారు కదా!" నా గొంతు కోపంగానే వచ్చింది. నాకు ఏడుపొస్తే గొంతు అలాగే వస్తుంది.

"కింద ఇల్లు కావాలా అని పెద్దామె మొదట నన్నే అడిగిందండీ. ఆ బిందె నేనే అక్కడ పెట్టించా." తల్లిని కాస్త పైకి ఎగదోసుకున్నాడు. "మా అమ్మని నేను మొయ్యగలను. ఆవిడ వాళ్ళాయన్ని మొయ్యలేదు గదండీ."

నేను పక్కకి జరిగాను. అతను మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. తల్లి అతని చెవిలో "మెల్లిగా రా, పడేత్తావేమో" అని సణుగుతూనే ఉంది. పైనెక్కడో మోటారు మోగింది, గొట్టాల్లో నీళ్ళు దిగుతున్న చప్పుడు గోడల్లోంచి వినిపించింది. నేను ట్రాలీలో మిగిలిన పరుపు చుట్ట తీసుకుని వాళ్ళ వెనకే పైకి నడిచాను.